కలిపితే స్టోరు పెద్దదవుతుంది, నిలబడుతుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
(సహకార శాఖలో ఆడిట్ పని చేసి రిటైరై, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఉంటున్న మా కాలమిస్టు ఈసారి వినియోగదారుల స్టోర్ల గురించి వచ్చిన ఉత్తరాలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మేడం గారూ, నా చిన్నప్పుడు మా నాన్న నెల సరుకులన్నీ సూపర్‌బజార్‌లోనే తెచ్చేవారు. పసిపిల్లల పాలపొడి డబ్బా, కంట్రోలు గుడ్డ అక్కడే దొరికేవి. ఇప్పుడు మా పిల్లలకు ఆ మాట చెబితే రేషన్ షాపా అని అడుగుతున్నారు. ఆ స్టోర్లు ఎలా పుట్టాయి, ఏమైపోయాయి?
– ఒక గృహిణి, బాలాజీనగర్, నెల్లూరు

జవాబు: పుట్టుక సంగతి అడిగితే ముందు మద్రాసు రైలెక్కాలమ్మా. మన నెల్లూరు వాళ్ళకు అప్పట్లో రాజధానీ అదే, పెద్ద బజారూ అదే. 1904లో ట్రిప్లికేన్‌లో కొందరు చదువుకున్నవాళ్ళు కలిసి ఇంటి సరుకులు టోకున కొని పంచుకోవడం మొదలుపెట్టారు. అక్కడి హిందూ హైస్కూలు హెడ్మాస్టరు వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి అందులో ముఖ్యులు. అదే ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ. మన దేశంలో వినియోగదారుల సహకార సంఘాలకు పెద్దన్న. ఇప్పటికీ బతికే ఉంది, కామధేను పేరుతో సూపర్‌మార్కెట్లు నడుపుతోంది. తమాషా ఏమిటంటే, 1904లో వచ్చిన సహకార చట్టం అప్పులిచ్చే సంఘాల కోసం రాసింది. దుకాణాల్లాంటి మిగతా సంఘాలకు చట్టంలో సరైన చోటు 1912 చట్టంతో గానీ దొరకలేదు. అంటే వీళ్ళు చట్టం కంటే ముందు నడిచారన్నమాట.

మన జిల్లాల్లో స్టోర్లు ఊరూరా మొలిచింది మాత్రం ఆదర్శంతో కాదు, కరువుతో. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం, చక్కెర, కిరసనాయిలు, గుడ్డ అన్నీ కంట్రోలు కిందికి పోయాయి. వాటిని పంచడానికి సర్కారుకు ఎవరో ఒకరు కావాలి. వ్యాపారి మీద నమ్మకం లేదు కాబట్టి సహకార స్టోరు పెట్టమన్నారు. అలా స్టోర్లు లేచాయి. 1952లో రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రిగా తిండిగింజల మీద కంట్రోలు ఎత్తేశారు. నెల్లూరు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కదా. మొలగొలుకులు పండే గడ్డ మీద బియ్యం బజార్లో మామూలుగా దొరకడం మొదలయ్యాక కార్డు పట్టుకుని స్టోరు ముందు ఎవరు నిలబడతారు? ఎన్ని లేచాయో అన్నీ దాదాపు అలాగే పడిపోయాయి.

రెండో విడత 1962లో వచ్చింది. చైనా యుద్ధంతో ధరలు పెరుగుతాయన్న భయం పట్టుకుని, కేంద్రం ఒక పథకం వేసింది. 50,000 జనాభా దాటిన పట్టణాలన్నిటిలో కలిపి 200 టోకు స్టోర్లు, వాటి కింద 4,000 ప్రైమరీ స్టోర్లు, బ్రాంచీలు. నెల్లూరు అప్పటికే లక్ష దాటిన ఊరు. ఒంగోలు ఆ గీతకు ఇంకా కిందే ఉంది, జిల్లా కేంద్రం కూడా కాలేదు. పైన జిల్లా కేంద్ర స్టోరు టోకున కొని, కింద పేటల్లోని ప్రైమరీ స్టోర్లకు పంపాలి. వాటిలో పేటవాళ్ళే సభ్యులు, వాళ్ళే పాలకవర్గం. కాగితం మీద చాలా చక్కని ఏర్పాటు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక పెద్ద పెద్ద సూపర్‌బజార్లూ వచ్చాయి, ఢిల్లీ సూపర్‌బజార్ ఆ ఏడాదిదే. మీ నాన్నగారు వెళ్ళింది ఈ తరం దుకాణానికే.

మరి ఏమైపోయాయి అంటే, నా ఉద్యోగంలో నేను కళ్ళారా చూసింది చెబుతాను. కింది ప్రైమరీ స్టోర్లు చిన్నవి. వాటికి గుమస్తా జీతమే బరువు. ఏ ఏడాదైనా నష్టం వస్తే పైవాళ్ళు ఒకటే మందు రాసేవారు: కేంద్ర స్టోరులో కలిపేయండి, బ్రాంచి చేయండి. అలా కలిపిన రోజు నుంచి ఆ పేటలో సభ్యుడనేవాడు లేడు, కొనుక్కునేవాడు మాత్రమే ఉన్నాడు. అంతకుముందు గుమస్తా పుచ్చు కందిపప్పు పోస్తే పాలకవర్గంలో ఉన్న ఎదురింటి మాస్టారికి చెప్పుకునేవాళ్ళు. బ్రాంచి అయ్యాక ఎవరికి చెప్పాలి? మహాజన సభ (సభ్యులందరూ కూర్చునే సభ) ఊరి అవతల హెడ్డాఫీసులో, అదీ పనిరోజు పొద్దున పదకొండుకు.

అప్పట్లో సహకార సంవత్సరం జూన్ 30తో ముగిసేది. ఆ రోజు సాయంత్రం షట్టరు దించి సరుకు తూచాలి. ఒక స్టోరులో (పేరు అడక్కండి, చెప్పను) స్టాకు రిజిస్టరుకూ బస్తాలకూ పొంతన కుదరలేదు. చింతపండు ఆరి తరుగు పోయిందంటే ఒప్పుకున్నాను. బెల్లం కారిందన్నారు, ఎండాకాలం కదా, సరే అన్నాను. టూత్‌పేస్టు డబ్బాలూ లెక్కకు రాలేదు. వాటికీ తరుగు రాసి పెట్టారు! టూత్‌పేస్టు ఎలా ఆరిపోయిందో నాకు రిటైరైనా అర్థం కాలేదు. అది అభ్యంతరంగా రాసి పంపితే మరుసటి ఏడు ఆ బ్రాంచి లెక్కలు విడిగా చూపడం మానేసి పక్క బ్రాంచితో కలిపి చూపారు. తరుగు మాయం. విలీనం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ కాగితమే.

ఇంకోటి, అరువు. సర్కారు హాస్టళ్ళకు, ఆఫీసులకు సరుకు పోసి బిల్లుల కోసం చెప్పులరిగేలా తిరిగిన స్టోర్లు బోలెడు. అమ్మకం లెక్కలో లక్షలు, గల్లాపెట్టెలో సున్నా. ఎన్నికైన పాలకవర్గం బదులు పర్సన్ ఇన్‌ఛార్జి అని సర్కారు వేసిన అధికారి, ఆయనకేమో సొంత సీటు పని వేరే ఉంటుంది. కంట్రోలు గుడ్డ, పాలపొడి లాంటివి బయట మామూలుగా దొరకడం మొదలయ్యాక జనానికి ఆ మెట్లెక్కే పని లేకుండా పోయింది. సర్కారు చేతికిచ్చిన కొరత సరుకు మీద బతికిన దుకాణం, కొరత తీరగానే పోయింది. 1952లో జరిగిందే మళ్ళీ జరిగింది. అంతే తల్లీ.

ప్రశ్న: మా అబ్బాయి ఎడిన్‌బరాలో చదువుకుంటున్నాడు. వాడి గదికి అటు వీధిలో ‘కోఆప్’, ఇటు వీధిలో ‘స్కాట్‌మిడ్ కోఆప్’ అని రెండు దుకాణాలున్నాయట. రెండూ సహకార సంఘాలేనట, కానీ వేర్వేరట. దేనికి దాని మెంబర్‌షిప్పే. ఒకే ఉద్యమం అయినప్పుడు పోటీ దుకాణాలెందుకండీ? జేమ్స్ బాండ్ వేషం వేసిన షాన్ కానరీ అక్కడ పాలు పోశాడని కూడా చెప్పాడు, నిజమేనా?
– ఒక తండ్రి, లాయర్‌పేట, ఒంగోలు

జవాబు: పాల సంగతి నిజమే. సినిమాల్లోకి రాకముందు కానరీ ఎడిన్‌బరాలో సెయింట్ కత్‌బర్ట్స్ అనే సహకార సంఘానికి గుర్రబ్బండి మీద ఇంటింటికీ పాలు వేశాడు. ఆ సంఘం 1859లో పెట్టింది. 1981లో డాల్జీల్ అనే ఇంకో సంఘంతో కలిసి స్కాట్‌మిడ్ అయింది. మీవాడి ఇటు వీధి దుకాణం వీళ్ళదే. 2013లో సరిహద్దు దాటి ఇంగ్లాండులోని పెన్రిత్ సంఘాన్ని కూడా కలుపుకున్నారు.

అటు వీధి దుకాణం కథ పెద్దది. అది రాచ్‌డేల్‌లో మొదలెట్టాలి. మాంచెస్టర్ పక్కన నేతపని ఊరు. మన చీరాల, వెంకటగిరి వాళ్ళకు ఆ బాధలు విడమరిచి చెప్పనక్కర్లేదు. కూలీ తక్కువ, కొనే పిండిలో కల్తీ, అరువు పెడితే షావుకారు చెప్పిందే ధర. అక్కడ 28 మంది సభ్యులు తలా ఒక పౌను వేసుకుని 1844 డిసెంబర్ 21న టోడ్ లేన్ అనే సందులో కొట్టు తెరిచారు. వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్ పిండి, కొవ్వొత్తులు. అరువు లేదు. బజారు ధరకే అమ్ముతారు, మిగిలిన లాభం వాటా ధనాన్ని బట్టి కాకుండా ఎవరెంత కొన్నారో దాన్ని బట్టి పంచుతారు. ఆ ఒక్క నియమమే ఉద్యమానికి ప్రాణం. అక్కడివాళ్ళు ఆ డబ్బును ముద్దుగా ‘డివ్వీ’ అంటారు. కొనేటప్పుడు కౌంటరులో మెంబర్ నంబరు చెప్పాలి. అమ్మ పంపితే సరుకులకు వెళ్ళిన పిల్లలు ముసలివాళ్ళయ్యాక కూడా ఆ నంబరు తడుముకోకుండా చెబుతారట.

ఊరికొక సంఘం పుట్టింది. 1900 దాటిన కొత్తలో బ్రిటన్‌లో 1,400 పైచిలుకు సంఘాలుండేవి. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఇన్ని చిన్న సంఘాలు అంతకాలం ఎలా నెగ్గుకొచ్చాయంటే, విడివిడిగా అమ్ముకున్నా కలిసి కొన్నారు. ఇంగ్లాండు ఉత్తరాది సంఘాలు 1863లో మాంచెస్టర్‌లో ఒక టోకు సంఘం పెట్టుకున్నాయి. అదే తర్వాత సి.డబ్ల్యూ.ఎస్. అయింది. 1868లో స్కాట్లాండ్ వాళ్ళు తమది తాము పెట్టుకున్నారు. దుకాణాలు ఆ టోకు సంఘానికి సభ్యులు. టోకు సంఘం దుకాణాలకు యజమాని కాదు. సొంత ఫ్యాక్టరీలు, ఓడలు, సిలోన్‌లో టీ తోటలు కూడా సంపాదించింది.

చిక్కు రెండో యుద్ధం తర్వాత వచ్చింది. సెల్ఫ్ సర్వీసు పద్ధతిని ఆ దేశంలో తొందరగా అందిపుచ్చుకున్నది కోఆపరేటివ్‌లే, కానీ పెద్ద దుకాణాలు కట్టడానికి చిన్న సంఘాల దగ్గర డబ్బు లేదు. పక్క పక్క ఊళ్ళ సంఘాలు ఒకదాని గీత ఒకటి దాటకూడదని మొండికేశాయి. లేబర్ పార్టీ నాయకుడు హ్యూ గెయిట్‌స్కెల్ అధ్యక్షతన వేసిన కమిషన్ 1958లో తేల్చింది: ఇన్ని వందల సంఘాలు వద్దు, 200 నుంచి 300 చాలు. ఎవరూ వినలేదు. పదేళ్ళకు, 1968లో ప్రాంతీయ పథకం అని ఇంకోటి రాశారు, అందులో 50 చాలన్నారు. అదీ కాగితం మీదే. ఈలోగా 1964 చట్టంతో తయారీదారు చెప్పిన ధరకే అమ్మాలన్న కట్టుబాటు పోయింది. టెస్కో లాంటివాళ్ళు ధరలు తెగ్గోశారు. డివ్వీ చిక్కిపోయింది, చాలాచోట్ల దాని బదులు స్టాంపులు అంటించుకునే పద్ధతి వచ్చింది.

అక్కడి నుంచి జరిగిన విలీనాలు ఎక్కువ భాగం ఇష్టపడి చేసుకున్నవి కావు, గతిలేక చేసుకున్నవి. 1934లో టోకు సంఘమే ఒక చిల్లర విభాగం పెట్టింది. దాని పని ఒక రకంగా అంబులెన్సు పని, మునిగిపోయే సంఘాన్ని అప్పులతో సహా ఎత్తుకోవడం. అదే తర్వాత సి.ఆర్.ఎస్. ఒకప్పుడు దేశంలోకెల్లా పెద్ద సంఘాల్లో ఒకటైన లండన్ సంఘం కూడా 1981లో దీని ఒళ్ళోకే వచ్చింది. వూలిచ్‌లోని రాయల్ ఆర్సెనల్ సంఘం 1985లో సి.డబ్ల్యూ.ఎస్.లో చేరింది. చివరికి 2000లో సి.డబ్ల్యూ.ఎస్., సి.ఆర్.ఎస్. రెండూ ఒకటైపోయి, మరుసటి ఏడు కోఆపరేటివ్ గ్రూప్ అని పేరు పెట్టుకున్నాయి. మీవాడి అటు వీధి దుకాణం ఇదే. 2007లో యునైటెడ్ అనే పెద్ద ప్రాంతీయ సంఘం కూడా ఇందులో కలిసింది. విడిగా ఉండాలనుకున్నవాళ్ళు తమలో తాము కలిశారు: ఇప్స్‌విచ్, నారిచ్ వాళ్ళు కోల్చెస్టర్ వాళ్ళతో, ఆక్స్‌ఫర్డ్ వైపు వాళ్ళు వెస్ట్ మిడ్‌లాండ్స్ వాళ్ళతో, రెండూ 2005లోనే.

అప్పుడు గ్రూప్‌కు ధైర్యం మరీ ఎక్కువైంది. 2009లో సోమర్‌ఫీల్డ్ అనే సూపర్‌మార్కెట్ గొలుసును కొన్నారు. అదే ఏడు వాళ్ళ బ్యాంకు బ్రిటానియా అనే గృహరుణ సంఘాన్ని కలుపుకుంది. 2013 వచ్చేసరికి ఆ బ్యాంకులో 150 కోట్ల పౌన్ల గొయ్యి బయటపడింది. బ్యాంకు చేతులు మారింది. కలుపుకునేటప్పుడు అవతలివాళ్ళ అప్పుల పుస్తకం సరిగ్గా చదవలేదు. ఆడిట్ చేసినదాన్ని కాబట్టి నాకు ఈ ముక్క చదివినప్పుడు పొట్టలో తిప్పింది.

పోటీ దుకాణాలెందుకని అడిగారు. స్కాట్‌మిడ్ వాళ్ళు విడిగా ఉంటామన్నారు కాబట్టి. అది వాళ్ళ సభ్యుల హక్కు. సరుకు మాత్రం విడి సంఘాలు కూడా చాలావరకు గ్రూప్‌తో కలిసే కొంటాయి. 1863 నాటి తెలివి ఇంకా పని చేస్తోంది. మీవాణ్ణి రెండిట్లోనూ సభ్యత్వం తీసుకోమనండి, పౌను దగ్గర పోయేదేమీ లేదు.

ప్రశ్న: మా కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు అన్నారు. జిల్లా మారినప్పుడల్లా మా సొసైటీలు కూడా వేరే జిల్లా సంఘంలో కలిసిపోవాలా?
– రిటైర్డ్ టీచర్, కందుకూరు

జవాబు: అక్కర్లేదు మాస్టారూ. రెవెన్యూ జిల్లా గెజిట్‌తో మారుతుంది. సంఘం కార్యక్షేత్రం బైలాలో, అంటే సంఘం నియమావళిలో, రాసి ఉంటుంది. బైలా సవరించి, రిజిస్ట్రారు రిజిస్టరు చేస్తేనే అది మారుతుంది. ఆడిట్ ఏ ఆఫీసు కిందికి వస్తుంది, మీటింగుకు ఏ ఊరికి పోవాలి లాంటి పాలన విషయాల్లో తేడా రావచ్చు. మీ స్టోరు బైలా కాపీ మీ దగ్గర లేకపోతే సొసైటీ ఆఫీసులో అడిగి తీసుకోండి. సభ్యుడికి ఆ హక్కుంది, చాలామంది అడగరు, అంతే.

ప్రశ్న: అమ్మా, మాది ఉద్యోగుల కాలనీ. మన రాష్ట్ర సహకార సంఘాల చట్టం, 1964 కింద రిజిస్టరైన స్టోరు ఉంది, చిన్న లాభంతో నడుస్తోంది. పక్క కాలనీ స్టోరు నష్టాల్లో ఉంది. రెండూ కలిపేస్తే ఖర్చు తగ్గి బలం వస్తుందని పెద్దలు ఒత్తిడి చేస్తున్నారు. నేను పాలకవర్గంలో ఉన్నాను. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక డైరెక్టరు, కావలి

జవాబు: ముందు పద్ధతి చెబుతాను నాయనా. మీ చట్టం ప్రకారం కలవాలంటే రెండు సంఘాలూ మహాజన సభ పెట్టి, హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మెజారిటీతో తీర్మానం చేయాలి. సభ్యులకూ అప్పులిచ్చినవాళ్ళకూ ముందుగా నోటీసు ఇవ్వాలి, ఇష్టం లేనివాళ్ళు తమ డబ్బు తీసుకుని తప్పుకునే వీలుండాలి, రిజిస్ట్రారు ఆమోదం కావాలి. పెద్దలు ఒత్తిడి చేస్తే జరిగేది కాదిది. బ్రిటన్‌లో అయితే రెండు మీటింగుల్లో రెండుసార్లు ఓటు వేయించుకోవాలి, మొదటి ఊపులో చేతులెత్తినవాళ్ళు ఇంటికెళ్ళి ఆలోచించుకోవడానికి. మన చట్టంలో లేకపోయినా ఆ పద్ధతి మీరు పాటిస్తే తప్పు పట్టేవాళ్ళెవరూ ఉండరు.

ఇక మంచిదా చెడ్డదా అంటారా. పక్కపక్కనే ఉన్న రెండు దేశాల సంగతి చెబుతాను. ఆస్ట్రియాలో 1978లో ప్రాంతీయ సంఘాలను దాదాపు అన్నిటినీ కలిపి కొన్‌జూమ్ అనే ఒకే సంఘం చేశారు. లక్షల మంది సభ్యులు. పాలకవర్గంలో పార్టీ మనుషులు, కార్మిక సంఘాల మనుషులు. నష్టం వచ్చినా అప్పిచ్చే చోటు సొంతవాళ్ళదే కావడంతో ఎవరూ గట్టిగా అడగలేదు. 1995లో దివాలా తీసింది. ఆ దేశం అప్పటిదాకా అంత పెద్ద దివాలా చూడలేదు. స్విట్జర్లాండ్‌లో 2001లో 14 ప్రాంతీయ సంఘాలూ, వాటి కేంద్ర సంఘమూ కలిసి ఒకే ‘కోఆప్’ అయ్యాయి. అది ఈరోజుకీ ఆ దేశంలో రెండు పెద్ద దుకాణాల్లో ఒకటి, రెండోదీ సహకార సంఘమే. తేడా ఎక్కడంటే, స్విస్‌వాళ్ళు ఏళ్ళ తరబడి చిన్నవాటిని దశలవారీగా కలుపుతూ, గోదాములు, కొనుగోళ్ళు, లెక్కలు ముందే ఒకే దారికి తెచ్చుకుని, ఆ తర్వాత దుకాణం మీది పేరు బోర్డు మార్చారు. ఆస్ట్రియావాళ్ళు ముందు బోర్డు మార్చేశారు.

జపాన్‌లో కోబె, నాడ అనే రెండు సంఘాలు 1962లో కలిశాయి. అది కూడా నిలబడింది. వాళ్ళ దగ్గర నాకు నచ్చింది ‘హాన్’ అనే ఏర్పాటు. వీధిలో ఐదారు ఇళ్ళ ఆడవాళ్ళు ఒక గుంపుగా ఆర్డరు పెడతారు. సంఘం ఎంత పెద్దదైనా ఆ ఐదారిళ్ళ గుంపు అలాగే ఉంటుంది, సరుకు బాగాలేకపోతే చెప్పడానికి ఒక నోరుంటుంది. 1995 భూకంపంలో ఆ సంఘం ప్రధాన కార్యాలయమే కూలిపోయింది, అయినా దుకాణాలు తెరిచి జనానికి సరుకులిచ్చారు.

కాబట్టి మీకు నా సలహా: ఈ ఏడు కలపకండి, కలిసి కొనండి. బియ్యం నెల్లూరు మిల్లు నుంచి, మిరపకాయలు గుంటూరు నుంచి, కందిపప్పు, నూనె, సబ్బులు రెండు స్టోర్ల ఆర్డరు కలిపి ఒకే లోడు తెప్పించండి. దీనికి విలీనం అక్కర్లేదు, రెండు పాలకవర్గాల తీర్మానాలు, ఖర్చు ఎలా పంచుకోవాలో ఒక ఒప్పంద పత్రం చాలు. ఎవరి డబ్బు వాళ్ళు ముందే కట్టాలి, పక్కవాళ్ళ వాటా మీరు కట్టే అలవాటు మొదటి లోడుకే పెట్టుకోవద్దు. ధర ఎంత తగ్గిందో ఒక ఏడాదిలో తెలుస్తుంది. పక్క స్టోరు నష్టం ధర వల్ల వచ్చిందా, మనిషి వల్ల వచ్చిందా అన్నదీ తెలుస్తుంది. ధర తగ్గినా నష్టం ఆగకపోతే అది మనిషి వల్లే. ఆ మనిషిని మీ పద్దులోకి తెచ్చుకునే పని మీకెందుకు?

అప్పటికీ కలవాలనే అనుకుంటే ఆ స్టోరు బ్యాలెన్సు షీటు చూసి ఊరుకోవద్దు. స్టాకు మీరే వెళ్ళి తూయండి. రావలసిన బాకీల జాబితాలో ఏళ్ళ తరబడి వసూలు కానివి విడదీసి, వాటిని సున్నాగా లెక్కేయండి. గుమస్తాల గ్రాట్యుటీ, పీఎఫ్ బాకీ ఎంతో అడగండి, దాన్ని చాలామంది మర్చిపోతారు. సభ్యుల రిజిస్టరు తెప్పించుకుని చనిపోయినవాళ్ళను, ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయినవాళ్ళను కొట్టేస్తే ఎంతమంది మిగులుతారో చూడండి. నేను చూసిన ఒక విలీనంలో ఈ పని చేయలేదు. రెండు రిజిస్టర్లలోనూ ఒకటో నంబరు నుంచి సభ్యులున్నారు, ఎవరు ఏ సంఘం మనిషో తెలియకుండా పోయింది. పేర్ల సంఖ్య పెరిగింది, వచ్చేవాళ్ళు తగ్గారు. మహాజన సభకు కోరం లేక వాయిదా, వాయిదా సభకూ జనం లేరు. ఉమ్మడి స్టోరు మొదట్లో లాభంలో ఉన్నదాన్ని కూడా మింగేసింది.

బైలాలో ఒక్క మాట రాయించుకోండి: కలిసిన తర్వాత కూడా రెండు కాలనీలకూ పాలకవర్గంలో విడివిడిగా సీట్లుండాలి, ప్రతి దుకాణం లాభనష్టాలు విడిగా నోటీసు బోర్డు మీద పెట్టాలి. దీనికి అవతలివాళ్ళు ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: మా తాతగారి ట్రంకు పెట్టెలో ఒక స్టోరు తాలూకు పది రూపాయల షేరు సర్టిఫికెట్ దొరికింది. ఆ స్టోరు తర్వాత ఇంకో సంఘంలో కలిసింది. దానికి ట్రంకు రోడ్డు మీద స్థలం ఉందట, ఇప్పుడు కోట్లలో పలుకుతుందట. మాకు ఎంత రావచ్చు?
– ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: పది రూపాయలు.

నవ్వులాటకు కాదు. సహకార సంఘం షేరు కంపెనీ షేరులా పెరగదు. ఎంత కట్టారో అంతే వెనక్కి వస్తుంది. లాభం ఉన్న ఏళ్ళలో డివిడెండు, దానికీ పరిమితి ఉంటుంది. స్థలం కోట్లు చేసినా అది సంఘానిది, విడివిడిగా సభ్యులది కాదు. ఇంగ్లాండులో 1997లో ఒక కుర్ర వ్యాపారి సరిగ్గా ఈ సంగతి మీదే కన్నేశాడు. సి.డబ్ల్యూ.ఎస్. ఆస్తులు ఇంత, సభ్యుల వాటా చూస్తే పౌన్లలో చిల్లర, సభ్యులకు కాస్త డబ్బు ముట్టజెప్పి మొత్తం కొనేస్తే పోలా అని. లోపలి కాగితాలు దొంగతనంగా బయటికి పోయాయని తేలి ఆ బేరం కోర్టు మెట్లెక్కి కూలిపోయింది. ఆ భయమే సి.డబ్ల్యూ.ఎస్., సి.ఆర్.ఎస్.లను ఒకటి కమ్మని తోసిందని చాలామంది అంటారు.

మీరు చేయగలిగింది ఉంది. సర్టిఫికెట్‌తో, తాతగారి మరణ ధ్రువీకరణ పత్రంతో కలుపుకున్న సంఘం ఆఫీసుకు వెళ్ళండి. సభ్యుల రిజిస్టరులో ఆయన పేరు, నామినీ ఎవరో చూడమనండి. నామినీ లేకపోతే వారసుల పత్రం అడుగుతారు. వాటా మీ పేరుకు మార్చి సభ్యత్వం ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి, అర్జీ కాపీ మీద తేదీ వేసిన స్టాంపు తీసుకోండి. సభ్యులైతే మహాజన సభలో ఆ ట్రంకు రోడ్డు స్థలం ఎవరికి, ఎంత అద్దెకిచ్చారో లేచి అడగవచ్చు.